ఆపాగారి మడత

మా ఎదురు వాటాలో ఉండే ఆపాగారు మొన్న శుక్రవారం పొద్దున్న పోయారు. తెల్లవారి నమాజు చేసుకుని, బట్టలు ఉతికి మేడ మీద దండేనికి ఆరేసి, దిగివస్తూ మెట్ల మీద కూర్చున్నారట. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయారు. వాళ్ళబ్బాయి వచ్చి మా తలుపు కొట్టి, "అంకుల్, జర రండి. అమ్మీ లేస్తలేదు" అన్నాడు.

అంతకు ముందు సాయంత్రమే మా ఇంట్లో పండగ. మా అమ్మాయికి ప్రైజు వచ్చింది. నేను ఏడో తరగతితో ఆగినవాణ్ణి, పంజాగుట్టలో ఒక షాపింగ్ కాంప్లెక్సులో లిఫ్టు నడిపి రిటైరైనవాణ్ణి. అంత సంతోషాన్నీ ఇంత దుఃఖాన్నీ ఒకే కాగితం మీద ఎలా పెట్టాలో నాకు తెలియదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆపా అంటే ఉర్దూలో అక్క. మేము గుంటూరు వైపు వాళ్ళం, పెద్దవాళ్ళను గారు లేకుండా పిలవాలంటే నోరు రాదు. అందుకని నేను ఆపాగారూ అనేవాణ్ణి. ఆవిడ నవ్వేవారు. "ఆపా అంటెనే అక్క. మళ్ల గారు ఎందుకు భాయ్? డబుల్ అయితది" అనేవారు. నేను మానలేదు. చివరికి అమీర్‌పేటలో మా సందు సందంతా, ఇస్త్రీ బండి అతనితో సహా, ఆవిణ్ణి ఆపాగారనే పిలిచింది. ఆ పేరు పెట్టింది నేనేనని ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

మేడ మీద మా రెండిళ్ళకూ ఒకటే దండెం. మగ్రిబ్ నమాజు వేళకు అది ఖాళీ అయిపోవాలి. మా అమ్మ కూడా దీపాలు పెట్టేసరికి బట్టలు బయట ఉండకూడదనేది. మాట వేరైనా వేళ ఒకటే. మేము మరచిపోతే మావీ ఆవిడే తీసేవారు. పై గదిలో అద్దెకుండే కంప్యూటర్ కోర్సుల పిల్లలు జీన్సు ప్యాంట్లు అలాగే వదిలేసి క్లాసులకు పోతే, అవీ తీసి గుమ్మం ముందు పెట్టేవారు. ఇంకా తడి ఉందండీ అంటే వినేవారు కాదు. "బట్ట ఎండకు ఆరాలె, చీకటికి గాదు."

ఆ మడత చూసి తీరాలి. అంచును గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ బారచాపి, దుప్పటి అయినా సరే ఒంటరిగానే మడిచేసేవారు. ఆ సమయంలో ఏమడిగినా జవాబు రాదు. నోరు తెరిస్తే బట్ట జారిపోతుంది కదా. మా అమ్మాయి చిన్నప్పుడు స్కూల్లో జరిగిందంతా ఆవిడకే చెప్పేది. చెప్పేసి, మడత అయ్యేదాకా ఎదురుగా నిలబడి ఉండేది. మడత దించాక ఆవిడ తీర్పు చెప్పేవారు.

ఆ పిల్లే పెద్దయి బొమ్మల చదువు చదివింది. కొత్త రకం కళకు ప్రైజు ఇచ్చే పోటీలో దానికి చోటు దొరికింది. పంజాగుట్టలో ఒక పాత బంగళాలో ఎగ్జిబిషన్. మా అమ్మాయి పెట్టింది ఒక దండెం. మా సందులోని హాస్టళ్ళ పిల్లలనూ, ఆసుపత్రి నర్సునూ, కృష్ణానగర్‌లో సినిమా వేషాల కోసం తిరిగే ఒక అబ్బాయినీ అడిగి తలా ఒక పాత బట్ట తెచ్చింది. ఎవరు ఏ పని కోసం ఈ ఊరొచ్చారో వాళ్ళ బట్ట మీదే సూదీదారంతో కుట్టింది. ఆపాగారిని అడిగితే తెల్ల దుపట్టా ఇచ్చి, "నేను ఏడికెల్లి రాలే బేటీ. ఈడనే పుట్టిన" అన్నారట. దాని మీద ఏమీ కుట్టలేదు.

మొదటి రోజు మమ్మల్నందరినీ తీసుకెళ్ళింది. అక్కడ ఇంకెవరో పోటీకి పెట్టిన ఇటుకల కుప్ప ఒకటుంది. పని సగంలో ఆపేసిండ్రా అని ఆపాగారు నా చెవిలో అడిగారు. నాకూ అదే అనుమానం. అయినా లోపల ఒళ్ళంతా పొంగిపోతోంది. గోడ మీద మా అమ్మాయి పేరు, కింద మా ఇంటిపేరుతో సహా! నేను కనబడిన ప్రతివాళ్ళకూ చూపిస్తూ టీ దగ్గర ఆగిపోయాను.

అంతలో లోపల గోల. వెళ్ళి చూస్తే కిటికీలో వెలుగు తగ్గిపోయింది. ఆపాగారు దండెం మీద బట్టలు తీసేస్తున్నారు. వాచ్‌మన్ పక్కన నిలబడి ముట్టుకోవద్దమ్మా, ముట్టుకోవద్దమ్మా అంటున్నాడు. ఆవిడ గడ్డం కింద నర్సు చీర. జవాబెలా ఇస్తారు? మడత పూర్తి చేసి, స్టూలు మీద పెట్టి, అప్పుడు అతనివైపు తిరిగారు.

"తీస్తున్న కద బేటా. ఇంక రెండే ఉన్నయి."

ఆ రెండూ తీసేసరికి ఇన్‌చార్జి మేడం పరుగున వచ్చారు. ఒకసారి పెట్టాక మార్చకూడదనేది రూలు, జడ్జీలు పొద్దున్నే వస్తారు, వెంటనే ముందు తీసిన ఫొటో చూసి ఎలా ఉన్నవి అలా వేసేయమన్నారు. లేకపోతే పోటీలోంచి తీసేయవచ్చన్నారు. ఎన్ని నెలల కష్టం! ఆపాగారికి అప్పటికి సంగతి అర్థమైంది. చేతులు వెనక్కి తీసుకుని, "గలత్ అయిందా బేటీ?" అన్నారు.

మా అమ్మాయి ఆ ఖాళీ తాడును చూసింది, ఆవిణ్ణి చూసింది. తర్వాత మేడంతో నెమ్మదిగా, "ఇప్పుడు వేయను మేడం. పొద్దున్నే వచ్చి వేస్తాను. సాయంత్రం అయితే రోజూ తీయాలి" అంది. మేడం జడ్జీల ఇష్టమని వెళ్ళిపోయారు. నాకైతే ప్రైజు చేజారిపోయినట్టే అనిపించింది. మా అమ్మాయి మాత్రం మెట్రో స్తంభాల కింద నడిచి ఇంటికొస్తున్నంతసేపూ ఆపాగారి చెయ్యి పట్టుకునే ఉంది.

ఆ రోజు నుంచి ఆవిడ మేడ మీద నేను కనబడితే చాలు, ప్రైజు ఖబర్ వచ్చిందా అని అడిగేవారు.

గురువారం సాయంత్రం ఖబర్ వచ్చింది. మోకాళ్ళ నొప్పి మరచిపోయి మెట్లెక్కాను. ఆవిడ గడ్డం కింద దుప్పటి. ప్రైజు వచ్చింది ఆపాగారూ, రోజూ వేసి తీయడమే బాగుందని జడ్జీలు అన్నారట, మీ చెయ్యి పడబట్టే వచ్చింది అని ఒకటికి పదిసార్లు చెప్పాను. కళ్ళు నవ్వుతున్నాయి, నోరు మాత్రం తెరవరు. దుప్పటి నాలుగు మడతలూ అయ్యాక, దాన్ని గుండెకు ఆనించుకుని అడిగారు.

"మరి ఇయ్యాల ఆడ బట్టలెవరు తీస్తున్నరు?"

ఆ వాచ్‌మనే తీస్తున్నాడని చెప్పాను.

"అంచులు మంచిగ కలుపుతున్నడా?"

నేను విన్న ఆఖరి మాట అదే.

శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత ఖబరస్తాన్ దాకా వెళ్ళాను. నాకు చేతనైనంత మట్టి వేసి వచ్చాను. ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మేడ మీదికి వెళితే దండెం నిండుగా ఉంది. పొద్దున్న ఆవిడ తన చేత్తో ఆరేసినవే. రోజంతా ఎవరికీ అటు ధ్యాస లేదు. కొడుకు చొక్కాలు, దిండు గలీబులు, ఆవిడ దుపట్టా, ఆవిడ పెట్టిన క్లిప్పులు.

మా అమ్మాయి అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ముట్టుకోలేదు. నాకూ చెయ్యి రాలేదు. తీసేస్తే, ఆపాగారు చేసిన చివరి పని కూడా ఇక ఉండదు. ఇవాళ ఒక్కరోజుకు ఉండనిద్దామా అని నా నాలుక దాకా వచ్చింది.

యూసుఫ్‌గూడ వైపు నుంచి అజాన్ మొదలైంది. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని ముందుకు నడిచింది. క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి నా దోసిట్లో పోసింది. చొక్కాలు అయ్యాయి, గలీబులు అయ్యాయి. ఆఖరున దుపట్టా తీసి, అంచును గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపింది. ఎండంతా పట్టి పెళపెళలాడుతోంది అది.

ఏడుస్తున్నావా అమ్మా అని అడిగాను.

గడ్డం కింద బట్ట ఉంది. దోసిట్లో క్లిప్పులతో, మడత అయ్యేదాకా నేను ఎదురుగా నిలబడ్డాను.