మా అత్తగారి పేరున్న పిల్ల

ఇది నేను ముందే రాయాల్సింది. రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అప్పటికి అక్షరాలు రావు. యాభై మూడేళ్లు దాటాక వచ్చాయి. వచ్చాక కూడా ఒక ఏడాది ఆగాను. పెన్ను పట్టుకుంటే ఒక్క మనిషి గురించే రాయబుద్ధయ్యేది, ఆయన గురించి ఏం రాసినా తిట్లే అయ్యేవి. తిట్లకోసం అంత కష్టపడి అక్షరాలు నేర్చుకోనక్కర్లేదు, అవి నాకు ముందునుంచీ వచ్చు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పగలననిపించి మొదలుపెట్టాను. కోపం తగ్గి మాత్రం కాదు.

మాది దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఊరు. సంక్రాంతి కాకముందే నా కొడుకూ కోడలూ ముదిగొండ వైపు మిరపకాయలు ఏరడానికి పోతారు, ఎండలు ముదిరాక వస్తారు. వాళ్ల కూతురు నా దగ్గరే పెరిగింది. నా కొడుక్కి వాళ్ల నాయనమ్మ అంటే ప్రాణం. అందుకని కూతురికి ఆమె పేరే పెట్టుకున్నాడు. అంటే, మా అత్తగారి పేరు.

మా ఇళ్లలో కోడలు అత్త పేరు పలకదు. ఆమె పోయినా పలకదు. ఆ పేరు పెట్టుకున్న పిల్లను కూడా ఆ పేరుతో పిలవకూడదు, ఎందుకంటే పిల్లను కసిరితే పెద్దామెను కసిరినట్టే. అందుకే పుట్టినప్పటి నుంచి దాన్ని బుజ్జి అన్నాం. ఊరంతా బుజ్జి అంది. బడిలో హాజరు నంబర్లతో పిలిచేవారు కాబట్టి అక్కడ అది పదకొండు. రిజిస్టరులో రాసి ఉన్న పేరు దాని చెవిన ఎప్పుడూ పడలేదు. ఇది తప్పని మాకెవరికీ తోచలేదు. మా వీధిలో ఇలాంటి పిల్లలు ఇంకో నలుగురున్నారు.

నాలుగో తరగతికి వచ్చినా దానికి చదవడం రాలేదు. ఇవాళ వచ్చిన అక్షరం రేపటికి పోయేది. గుణింతం మీద గుణింతం ఎక్కించి రాసేది. కానీ బీడీలు చుట్టే తునికాకు కోసుకొచ్చి కూర్చుంటే యాభై ఆకుల కట్ట ఒక్క ఆకు తేడా లేకుండా కట్టేది, పెద్దవాళ్ల కట్టలు విప్పి తప్పులు పట్టేది. బడి పెద్దసారుకు ఇదేం కనపడలేదు. ఆయన భద్రాచలం నుంచి బండి మీద వచ్చేవాడు. పిల్లను గోడ పక్కన కూర్చోబెట్టి, మిగిలిన పిల్లలతో దానికి మొద్దు అని పేరు పెట్టించాడు.

ఆ ఏడు మండలంలో చదువులో వెనకబడ్డ పిల్లలను పరీక్షించే శిబిరం పెట్టారు. ఒకాయన కాగితం చూస్తూ పిల్లలను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచాడు. మా పిల్ల వంతు వచ్చింది. మూడుసార్లు పిలిచాడు. అది కిటికీలోంచి మేకల్ని చూస్తూ కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. ఆ పిలుపు మా పిల్లకేనని నాకు తెలుసు. కానీ "నిన్నే పిలుస్తున్నరు" అని దాని భుజం తట్టడానికి లేచేసరికి ఆయన రాసేశాడు. పేరు పిలిస్తే పలకదు, అని. తర్వాత ఆయన అడిగిన నాలుగు ప్రశ్నలకు అది భయపడి నోరు తెరవలేదు. అంతే, పరీక్ష అయిపోయింది. నేనూ ఏం చెప్పలేదు. చెప్పాలంటే ఆ పేరు ఎత్తాలి కదా. నా తప్పు అంతవరకు ఉంది, దాచను.

ఆ కాగితం పెద్దసారు చేతికి పోయింది. ఆ ఎండాకాలం, నేను ఆకు కట్టలు అమ్మే కల్లం నుంచి వస్తుంటే ఆయన బండి ఆపి, పిల్లకు కొత్త బట్టలూ బ్యాగూ వచ్చాయి, ఇక్కడ వేలు పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకు అంటిన వేలిని చీరకు తుడుచుకుని ఇంటికొచ్చాను.

బడి తెరిచిన రోజు పిల్ల పోయిన గంటకే తిరిగొచ్చింది. నేను బడికి పరుగెత్తాను. సారు ఫైలు తెరిచి కాగితం చూపించాడు. ఏముందో చదివి చెప్పమంటే నవ్వుకుంటూ చదివాడు. నా మనవరాలికి మతి సరిగా లేదు, నా ఇష్టప్రకారం బడి మాన్పిస్తున్నాను, అని ఉందట. చదవలేని పిల్ల ఒకరు తగ్గితే పైవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు ఆయన క్లాసు మెరుస్తుంది. అది నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం బట్టలకోసమన్నారు కదా సారూ అన్నాను.

"ఏసింది నీ వేలే గదా. నా వేలేం పెట్టలేదు గదమ్మా" అన్నాడు.

ఆ మాట నేను మర్చిపోలేదు. ఆ కాగితం మీద నాకు తెలిసిన గుర్తు ఒక్కటే ఉంది, నా బొటనవేలు. మిగతాదంతా చీమల బారు. ఆ చీమల బారు చదివి తీరాలని అక్కడే అనుకున్నాను.

అంగన్‌వాడీ టీచరు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నాకు పలక పట్టించింది. అందరిలా అ ఆ లతో మొదలుపెట్టబోతే వద్దన్నాను. ముందు 'మతి' నేర్పమన్నాను. ఆమె నా ముఖం చూసి, రాసి ఇచ్చింది. నేను నేర్చుకుంటుంటే బుజ్జి పక్కన కూర్చునేది. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి నాకు గుణింతాలు వచ్చాయి, దానికి రాలేదు. కానీ నేను కూడబలుక్కుంటూ చదివిన పాఠం అది ఒక్కసారి విని మొత్తం అప్పజెప్పేది. ఇది గమనించింది టీచరే. పిల్ల మెదడు ఎక్కడ ఎట్లా పనిచేస్తుందో విడివిడిగా చూసే పరీక్షలున్నాయని, ఖమ్మంలో ఒక మేడమ్ చేస్తుందని కనుక్కుని వచ్చింది.

మిరపకాయల కాలం కాబట్టి ముదిగొండలో నా కొడుకు గుడిసెలో దిగాం. అక్కడి నుంచి రెండు రోజులు ఖమ్మం పోయి వచ్చాం. మేడమ్ చేసిన మొదటి పని నేను ఎప్పటికీ గుర్తుపెట్టుకుంటాను. కాగితం మీద పేరు చూసి, దాన్ని పక్కన పెట్టి, నన్ను అడిగింది.

"ఇంట్లో ఏమని పిలుస్తరమ్మా?"

బుజ్జి అన్నాను. మరి ఈ పేరెవరిదంటే, ఆ పేరుగలామె కోడలిని నేనే, పలకలేనని చెప్పాను. ఆమె నవ్వలేదు. శిబిరంలో జరిగిందంతా అడిగి రాసుకుంది. తర్వాత బుజ్జీ అని పిలిచింది. పిల్ల చటుక్కున లేచి ఆమె దగ్గరికి పోయింది.

నన్ను తలుపు దగ్గర బెంచీ మీద కూర్చోమన్నారు, సాయం చేయొద్దన్నారు. ఎరుపూ తెలుపూ రంగుల చెక్కబిళ్లలిచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంది మేడమ్. పిల్ల గబగబా పేర్చింది. అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంది, చెప్పింది. ఒక కథ చెప్పి, వేరే పనులు చేయించి, చాలాసేపటికి ఆ కథ మళ్లీ అడిగింది. పిల్ల కథలో ఎద్దు రంగుతో సహా చెప్పింది. వింటూ నేను సంతోషపడాలి. కానీ నా మనసులో సారు నవ్వు ముఖమే ఉంది. ఒక్కో జవాబూ ఆయన ముఖం మీద కొడుతున్నట్టుండేది. రెండో రోజు చదివించారు. మూడు వరసల పాఠానికి పిల్లకు చెమటలు పట్టాయి, వేలు కింది వరసలోకి జారిపోయింది, ఊహించి ఏవో మాటలు చెప్పింది. చివరికి బల్ల మీద తల పెట్టుకుంది. మేడమ్ అక్కడితో ఆపింది.

మీ ఇంట్లో ఇంకెవరికైనా చదవడంలో ఈ ఇబ్బంది ఉందా అని నన్ను అడిగింది.

"ఎవరం బడికి పోలేదమ్మా. ఎవరికుందో ఎట్ల తెలుస్తది" అన్నాను. ఆ మాట కూడా ఆమె రాసుకుంది.

రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. తెలుగులో ఒక పేజీ పెద్ద అక్షరాలతో రాసివ్వమని అడిగాను, చదివేది నేనేనని. ఇచ్చింది. ఇంటికొచ్చి వారం రోజులు వేలు పెట్టుకుని చదివాను. గడ్డివాము వెనక నిలబడి పైకి చదివాను. ఒక్క మాట దగ్గర మాత్రం ప్రతిసారీ దాటేశాను. అది మొదటి మాటే, పిల్ల పేరు.

ఫిబ్రవరిలో బడి కమిటీ సమావేశమైంది. కమిటీలో అందరూ తల్లులే, చాలామంది వేలిముద్రవాళ్లే. సారు ఏదో తీర్మానం ముందే రాసి పెట్టుకుంటాడు, తల్లులు వచ్చి వేళ్లు పెట్టి పోతారు. ఎప్పుడూ జరిగేది అదే. నేను రిపోర్టు పట్టుకుని లేచాను. ముందే ఆ తల్లుల్లో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఉంచాను. చదువుతాను సారూ అన్నాను. చదువు అన్నాడు ఆయన, బడిలోని ఇంకో సారు వైపు చూసి కన్నుగీటుతూ.

మొదటి మాట దగ్గర ఆగిపోయాను. నోరు రాలేదు. మా అత్త నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బాలింతగా ఉన్నప్పుడు వేణ్నీళ్లు పోసి నడుము పట్టిన మనిషి. ముప్పై ఏడేళ్లు ఆ పేరు నా నోట్లోంచి రాలేదు.

"ఆడికే అయిపోయిందా ఏంది చదువు" అన్నాడు సారు.

తల్లులెవరూ నవ్వలేదు. నేనెక్కడ ఆగానో వాళ్లకు తెలుసు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కళ్లు మూసుకోకుండా, సారునే చూస్తూ, ఆ పేరు పలికాను. తర్వాత మిగతాది చదివాను. ఈ అమ్మాయి తెలివి వయసుకు తగ్గట్టే ఉంది. కొన్ని విషయాల్లో ఎక్కువే ఉంది. చదవడం, రాయడం అనే ఒక్క పనిలోనే ఇబ్బంది ఉంది, ఇది సోమరితనం కాదు, మతి లేకపోవడం కాదు. మామూలు బడిలోనే చదవాలి. ప్రశ్నలు చదివి వినిపించాలి, ఎక్కువ సమయం ఇవ్వాలి, జవాబు నోటితో చెప్పనివ్వాలి. పేరు పిలిస్తే పలకదని మునుపు రాసింది పొరపాటు. నేను నెమ్మదిగా చదివాను. ఇంకా జల్దీ చదవగలను, చదవలేదు. ఆయన నిలబడే ఉన్నాడు, నిలబెట్టాలనే అట్లా చదివాను.

అయిపోయాక ఆయన గొంతు మార్చాడు. రిపోర్టు మంచిదే కానీ, బడి మాన్పిస్తున్నట్టు కాగితం ఉంది కదా, వచ్చే ఏడాది చూద్దామన్నాడు. ఆ కాగితం తెమ్మన్నాను. అదీ చదివాను. 'మతి' దగ్గర తడబడలేదు. బట్టలకోసమని చెప్పి ఈమె చేత వేలు పెట్టించానని ఇప్పుడు మీరు రాయండి, పిల్లను తిరిగి చేర్చుకుంటున్నానని కూడా రాయండి అన్నాను. ఆయన అట్లా ఎట్లా కుదురుతుందన్నాడు.

అప్పుడు తీర్మానం పుస్తకం, ఇంకు డబ్బీ ముందు కూర్చున్న తల్లులు ఒక్కొక్కరే చేతులు ముడిచి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ రోజు తీర్మానం మీద అన్ని వేళ్లూ పడకపోతే ఆయన పైకి పంపలేడు. ఇళ్లల్లో పొయ్యి మీద అన్నం చల్లారుతోంది, ఎవరూ లేవలేదు. మా ఎదురింటామె అన్నది ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు.

"వేళ్లు నొస్తున్నయ్ సారు. ఎన్నని ఏస్తం."

చాలాసేపటికి ఆయన రాశాడు. నేను పక్కన నిలబడి ఒక్కో మాట చదివి, రెండుచోట్ల మళ్లీ రాయించాను. సంతకం పెట్టబోతుంటే ఆపాను.

"సంతకం ఒద్దు సారూ. వేలు పెట్టండి."

ఆయన నన్ను చూశాడు. నేను ఇంకు డబ్బీ ముందుకు జరిపాను. ఆయన బొటనవేలు డబ్బీలో పెట్టి కాగితం మీద ఒత్తాడు. నాకు ఎంత హాయిగా ఉందో రాయడానికి నేర్చుకున్న అక్షరాలు చాలవు. బయట చెట్టు కింద బుజ్జి ఆడుకుంటోంది. నేను అత్త పేరు పలికినప్పుడు వెనక్కి తిరిగి కూడా చూడలేదట, పక్కపిల్ల మోచేత్తో పొడిచి, నిన్నేనే అంటే అప్పుడు తిరిగిందట.

పొద్దుగూకే వేళకు సారు మా వాకిట్లోకి వచ్చాడు. బండి దూరంగా ఆపి నడిచొచ్చాడు. మంచం వేసి మంచినీళ్లిచ్చాను. అమ్మా అన్నాడు, ఎప్పుడూ అననిది. ఆ కాగితం పైకి పోతే తన ఉద్యోగానికి ఇబ్బందని, పిల్లను రేపటి నుంచే పంపమని, కాగితం తనకివ్వమని అడిగాడు. తనకూ పిల్లలున్నారన్నాడు. నేను పిల్లను పంపుతానన్నాను. కాగితం సంగతి ఏమీ అనలేదు. ఇవ్వననుకున్నాడో, చింపేస్తాననుకున్నాడో ఆయన ఇష్టం. నీళ్లు తాగి పోయాడు.

మర్నాడు పొద్దున పిల్లకు తల దువ్వి, నేనే బడికి తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టాను. గుమ్మంలో నిలబడ్డాను. సారు రిజిస్టరు తెరిచి, నంబర్లు కాకుండా పేర్లు పిలిచాడు. మా అత్త పేరు దగ్గర ఒక క్షణం ఆగి పిలిచాడు. "ఉన్న సారు" అంది బుజ్జి. ఆయన వేలికి ఇంకా నీలం మరక ఉంది. నేను రోడ్డెక్కి దుమ్ముగూడెం బస్సు పట్టుకున్నాను. బడులను చూసే మండల విద్యాధికారి ఆఫీసు ఇంకా తీయలేదు. మెట్ల మీద కూర్చుని ఆ కాగితం ఇంకోసారి మొదటి నుంచి చదువుకున్నాను. తలుపులు తీయగానే లోపలికి పోయి ఇచ్చాను.