ఏమీ మిగలని నంబరు

మా వీధి రంగనాథానికి బుర్ర లేదని నేననను. ఉంది. వాడితే అరిగిపోతుందని కొత్తది కొత్తగానే దాచుకున్నాడు.

అరసవల్లిలో అతనిది టెంట్ హౌస్. పెళ్లికైనా దినానికైనా కుర్చీలూ గుండిగలూ అతనివే. ప్రతి కుర్చీ వీపునా అతని ఫోన్ నంబరు ఎర్ర పెయింటుతో రాసి ఉండేది. ఇరవై ఏళ్లుగా చూసి చూసి చుట్టుపక్కల ఊళ్లకు అది కంఠతా వచ్చేసింది. ఆ దుకాణానికి అంతకన్నా ఆస్తి లేదు.

అలాంటి నంబరును, టీవీలో ఎవడో సంఖ్యాశాస్త్ర పండితుడు చెప్పాడని తీసి పారేస్తానన్నాడు.

"అంకెలన్నీ కూడితే నలభై నాలుగు మేస్టారూ. నాలుగూ నాలుగూ ఎనిమిది. ఎనిమిదంటే శని. కొత్తది తీసినాను, యాభై నాలుగు వస్తాది. ఐదూ నాలుగూ తొమ్మిది. ఇక సూడండి నా దశ."

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నోరు ఊరుకుంటుందా?

"ఎంత పెద్ద సంఖ్యైనా సరే, అంకెలు కూడుకుంటూ పోతే చివరికి తేలేది తొమ్మిదితో భాగించగా వచ్చే శేషమేనయ్యా. నీ పాత నంబరుకు ఎనిమిది మిగులుతుంది. తొమ్మిది తేలిందంటే ఏమీ మిగలదని అర్థం. అంతకుమించి అందులో శనీ లేడు, లక్ష్మీ లేదు" అన్నాను.

"మీకు లెక్కలే తెలుసు మేస్టారూ, అంకెలు తెలవు" అన్నాడు. ఆ ముక్కకు మా ఆవిడ నవ్వింది కూడాను.

పాత సిమ్ము నాగావళిలో పడేశాడు. పీడ పోయిందని కొబ్బరికాయ కొట్టి, కుర్చీల మీద పాతది చెరిపి కొత్త నంబరు రాయించాడు.

కొన్నాళ్లకు ఫోన్ కంపెనీ ఆ నంబరును శ్రీకాకుళంలో బట్టలు కుట్టుకునే ఈశ్వరికిచ్చింది. కుర్చీలు కావాలంటూ ఒకటే ఫోన్లు. పాపం, ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది.

"మీ బేరాలన్నీ నాకొస్తన్నాయి బాబూ. కొత్త నంబరు సెప్పండి, ఆళ్లకిచ్చేస్తాను."

"ఆ శని ఊసు నా గుమ్మంలో ఎత్తకు. నాకిప్పుడు తొమ్మిదున్నాది" అని పంపేశాడు మన మేధావి.

ఎన్నాళ్లని రాంగ్ నంబరంటుంది? ఒకరోజు "ఎన్ని కుర్చీలు కావాల?" అని అడిగేసింది. మొదట ఎక్కడివో అద్దెకు తెచ్చి పంపింది. తరువాత సొంతంగా కొంది. ఇక్కడ రంగనాథం ఫోను మోగడమే మానేసింది. దుకాణం ముందు కుర్చీలు దుమ్ము పట్టాయి. అడిగితే "తొమ్మిదికి టైం పడతాది" అనేవాడు. సిగ్గుండాలి.

మొన్న అతని బావమరిది జయకృష్ణ గృహప్రవేశం. బావ నంబరు నోటికొచ్చు కదా అని దానికే ఫోన్ చేశాడట. ఎత్తినావిడ బావ దుకాణంలో కొత్తగా చేరిన మనిషి అనుకున్నాడట. టెంటు లేచింది, కుర్చీలు దిగాయి. రంగనాథం వచ్చి దర్జాగా కూర్చుని, ముందున్న కుర్చీ వీపు చూశాడు. ఎర్ర పెయింటు. అతని పాత నంబరే.

లేచి, గుండిగలు దింపిస్తున్న ఈశ్వరి దగ్గరికి పోయాడు.

"అది శని నంబరమ్మా, నీకెందుకు? నాకిచ్చీ" అన్నాడు గొంతు తగ్గించి.

"మీకు తొమ్మిదున్నాది కదేటి బాబూ" అంది ఈశ్వరి. "శని నాకుండనీండి. కూకోండి, కుర్చీలు శానా ఉన్నాయి."