రాతి తలుపు వెనక సుజాత

నిన్న ఫిల్మ్‌నగర్‌లో మా తమ్ముడు పనిచేసే సెట్ చూడటానికి వెళ్లాను. ప్లాస్టర్‌తో కట్టిన పెద్ద గుహ, ఇంకా తడి ఆరలేదు. దాని నోట్లో చీకటి చూడగానే రెండడుగులు వెనక్కి వేశాను.

మన వయసు వాళ్లకి గుర్తుందా, వారపత్రిక రాగానే జానపద సీరియల్ ముందు నేనంటే నేనని కొట్టుకోవడం? యూసుఫ్‌గూడలో మా మేడమీది గదిలో అలాంటి నవలలు రాసే మూర్తిగారు అద్దెకుండేవారు. రెక్కల గుర్రాలు, మాట్లాడే పుర్రెలు ఆయన సొంతం. పాత్రలకు మాత్రం వాకిట్లో ఆడుకునే మా పేర్లే పెట్టేవారు. ఓ వారం నా వంతు వచ్చింది. మాంత్రికుడు సుజాతను గుహలోకి తోసి రాతి తలుపు మూశాడు. కింద ‘సశేషం’.

తర్వాతి వారం పత్రికే రాలేదు. మూతపడిందన్నారు. నేను స్నానాల గదికి గడియ పెట్టుకోవడం మానేశాను. చివరికి మెట్ల మీద ఆయన్ని ఆపాను.

“అంకుల్, నన్నెప్పుడు బయటికి తీస్తారండీ?”

“పత్రికే లేదు కదమ్మా, ఇంకెక్కడ తీసేది?” అని నవ్వి, సినిమా కథాచర్చలకు వెళ్లిపోయారు. మళ్లీ నవల రాయలేదు.

నిన్న సెట్‌లో కార్పెంటర్ గుహ తలుపు చూపించాడు. “లోపలికి పోయి చూడుండ్రి మేడమ్. తాడు గుంజితే గిట్ల మూసుకుంటది.”

“మళ్లీ తెరుచుకుంటుందా?”

“సీన్ల తెరుసుడు లేదు మేడమ్. మూసుడే ఉంది.”

యాభై ఏళ్లదాన్ని, తమ్ముడి చొక్కా పట్టుకుని బయటే నిలబడిపోయాను.