అయూబ్ కొత్త బొమ్మ

చీమకుర్తిలో గ్రానైట్ లారీల వెనక బొమ్మలు వేసే అయూబ్‌కు అరవై దాటాయి. ఒక బండికి వేసిన బొమ్మ మరో బండికి వెయ్యడని పేరు. పక్క కొట్లో స్టిక్కర్లు చవగ్గా దొరుకుతున్నా డ్రైవర్లు అందుకే అతని దగ్గరికొస్తారు. మొదలుపెట్టేముందు బీడీ ఆర్పి, అరచేతి మీద రంగు రుద్ది చూసుకుంటాడు. ఆవేళ శివనాగరాజు బండికి వెనక్కి తిరిగి చూసే జింకను వేసి, "నిన్ననే తోచిందిరా, ఎవరికీ వెయ్యలా" అని మురిసిపోయాడు.

"ఏంది బాబాయ్, పరాచికాలా? పోయిన నెల మా బావ బండికి వేసింది ఇదేగా!" అన్నాడు శివనాగరాజు.

"నీ కళ్ళల్లో రాతిపొడి పడిందిరా" అని నవ్వుతూ అయూబ్ కాటా దగ్గర వరసగా ఆగిన లారీల వైపు నడిచాడు. బావ బండి మీద అదే జింక. దాని పక్క బండి మీదా అదే జింక, అదే మెడ వంపు. రెండింటి కిందా తన సంతకమే. వేసినట్టు మాత్రం గుర్తు లేదు. తిరిగొచ్చి, తడి ఆరని జింకను కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు. "ఏనుగు వేస్తాలే, ఉండు" అన్నాడు. కళ్ళు మూసుకుని ఏనుగును తలచుకుని కుంచె ఆనించాడు. తొండంగా మొదలైన గీత, అతను ఆపేలోపే, వెనక్కి తిరిగిన మెడగా వంగింది.