ఉడుమును కొట్టనివ్వని మా ఇంగ్లీషు సారు

మా ఇంగ్లీషు సారు చనిపోయారన్న వార్త నా దగ్గరికి టైపు చేయడానికి వచ్చింది. కరీంనగర్ బస్టాండు వెనక గల్లీలో నాకో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. పగలంతా బయోడేటాలు, పెండ్లి కార్డులు, దినకర్మ కార్డులు కొడతాను. సాయంత్రం పిల్లలకు గేములు. ఆ రోజు ఒకాయన చేతిరాత కాగితం ఇచ్చి, "యాభై కార్డులు గావాలె, జర జల్ది" అన్నారు. ఎప్పటిలాగే నేను చదవకుండా కొట్టుకుంటూ పోయాను. మా పనిలో అక్షరాలు కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. 'విశ్రాంత ఆంగ్లోపాధ్యాయులు' అని కొట్టాను. 'లక్సెట్టిపేట ఉన్నత పాఠశాల' అని కొట్టాను. అక్కడ నా వేళ్లు ఆగాయి. పైకి పోయి పేరు చూశాను. రెండు నిమిషాల కింద ఆ పేరు కొట్టింది నేనే, ఒక్క తప్పు కూడా లేకుండా.

కాగితం తెచ్చినాయన సారు అల్లుడు. నేనెవరో ఆయనకు తెలియదు. ఎప్పుడు పోయారని అడిగితే, "అయిదు దినాలైంది. నిద్రల్నే పోయిండు, పుణ్యాత్ముడు" అన్నారు. మా ఇంటికీ సారు ఇంటికీ నడుమ నాలుగంటే నాలుగు గల్లీలు.

సారు గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను. మంచి మాటలకేం, బోలెడున్నాయి. వాటిని రాసే మొహం నాకు లేదు, అంతే. అయినా రాస్తాను. చదివేవాళ్లు నన్ను తిట్టుకుంటూ చదవండి, నాకు అభ్యంతరం లేదు.

డెబ్బయ్యో దశకంలో లక్సెట్టిపేట బడిలో ఆయన మాకు ఇంగ్లీషు చెప్పారు. నేసేవాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం పక్కన కూర్చుని చదువుకున్న మనిషి. చేతికొచ్చిన ఏ కాగితమైనా చివరిదాకా చదవనిదే కింద పెట్టేవారు కాదు. మందుసీసా మీది చీటీ, బస్సు టికెట్టు వెనక ఉన్న అచ్చు, మిర్చిబజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క, అన్నీ. బజ్జీలు చల్లారిపోతున్నా పట్టేది కాదు. "సదవకుంట సంతకం పెట్టద్దు, ఇనకుంట కొట్టద్దు" అనేవారు. బెత్తం ఉండేది గానీ, తప్పు చేసినవాడు తన సంగతంతా చెప్పుకునేదాకా అది బల్ల మీదే ఉండేది. కొందరం కావాలనే గంట కొట్టేదాకా చెప్పుకునేవాళ్లం.

ఒకసారి బడి వెనక చెత్తకుప్పలో జెర్రిపోతు కనిపిస్తే అయిదారుగురం కలిసి కొట్టి చంపాం. దాన్ని కట్టెకు వేలాడేసుకుని, ఏదో గెలిచినవాళ్లలా సారుకు చూపించబోయాం. కట్టె పట్టింది నేనే. ఆయన తిట్టలేదు.

"అది మీ దారిలకు వచ్చిందారా, మీరే దాని దారిలకు పోయిన్రా?" అని అడిగారు.

"పాము గద సార్" అన్నాను.

"పామే. నేను అడిగింది గది గాదు" అన్నారు. దాన్ని మా చేతనే పూడ్చిపెట్టించి, మళ్లీ పాఠంలో పడ్డారు.

రిటైరయ్యాక సారు కరీంనగర్ వచ్చేశారు. నేను సెంటర్ పెట్టిన ఏడాదికి ఓ సాయంత్రం వెతుక్కుంటూ వచ్చి, గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. ఆ తర్వాత రోజూ వచ్చారు. అయిదు కొట్టేసరికి ఆయన చెప్పులు గడప దగ్గర ఉండేవి. తెర మీద పిల్లలు ఆడే బొమ్మలను చూసేవారు, తెర కింద పడే ఇంగ్లీషు మాటలను చదివేవారు. ఆ మాటలను చదివే మనిషి సెంటర్‌లో ఆయనొక్కరే.

మా దగ్గర బాగా నడిచే ఆటను పిల్లలు గుహల ఆట అనేవాళ్లు. అందులో మనమొక బాటసారి వీరుడిగా మారతాం. మన పేరు కొట్టగానే ఆ పేరుతో ఒక చిన్న మనిషి చేతిలో కర్రతో దారి మొదట్లో నిలబడతాడు. అడవులు, వాగులు దాటుతూ పోవాలి. ఒక్కో రాక్షసిని, జంతువును చంపినకొద్దీ మనిషి బలం పెరుగుతుంది. చివర్లో ఒక రాతి ద్వారం, దాని ముందు కాపలా రాక్షసుడు. ఆ ద్వారం దాటితే గెలిచినట్టు. ఏ రోజు ఎక్కడ ఆపినా కంప్యూటర్ మన పేరు మీద ఆ జాగాను దాచిపెడుతుంది, మర్నాడు అక్కడి నుంచే నడవొచ్చు.

నడిమధ్యలో, దారికి దూరంగా, కొండ పక్కన ఒక గుహ ఉంది. అందులో ఎడ్లబండంత ఉడుము ఒకటి పండుకొని ఉంటుంది. ఆ గుహలోకి పోవాల్సిన పనే లేదు. దారి వాగు వెంట తిన్నగా పోతుంది. కానీ ఉడుమును చంపితే ఒక్కసారే బోలెడు బలం వస్తుందని పిల్లలందరూ పనిగట్టుకుని పక్కకు తిరిగి పోయేవాళ్లు. పోగానే అది ఏదో అంటుంది, తెర కింద నాలుగు లైన్ల ఇంగ్లీషు పడుతుంది. మావాళ్లు టకటకా మీట నొక్కి ఆ లైన్లను పంపించేసి కొట్టడం మొదలుపెట్టేవాళ్లు. నేను నేర్పిందే.

ఒకరోజు సారు స్టూలు ముందుకు జరుపుకుని, మీట నొక్కబోతున్న పిల్లవాడి చెయ్యి పట్టుకున్నారు.

"అది ఏమంటుందో ఎర్కేనారా? 'నేను నీ తొవ్వకు రాలేదు. నీ తొవ్వ వాగు పొంటి ఉన్నది. నా కింద గుడ్లున్నయ్, నన్ను లేపకు' అంటుంది."

మీట పట్టుకున్నవాడు, "సార్, గది ఉత్త బొమ్మ" అన్నాడు.

"బొమ్మనే. నువ్వు బొమ్మవు గాదు గద."

వాళ్లలో ఒకడు గట్టివాడు. "దీన్ని కొట్టకుంటె బలం రాదు సార్. బలం లేకుంటె ద్వారం కాడ రాక్షసుని చేతుల సస్తం. గప్పుడేం జెయ్యాలె?" అన్నాడు.

నేనూ ఓ రాయి వేశాను. "మీరు మటన్ తింటరు గద సార్" అన్నాను.

"తింట. ఆకలైతె తింట. తొవ్వకు అడ్డమొచ్చినదాన్ని కొట్టద్దని నేనంటలేను. పక్కకు పండుకున్నదాన్ని ఎతుక్కుంటపోయి కొట్టుడెందుకు అంటున్న" అని నాకు చెప్పి, ఆ పిల్లవాడి వైపు తిరిగారు. "నువ్వు అడిగింది మంచి సవాల్. నాకు జవాబు తెల్వదు. ఆడి చూసి చెప్త."

అరవై దాటిన మనిషి నిజంగానే ఆటకు దిగారు. రోజూ ఒక అరగంట, రెండు వేళ్లతో. ఎన్నిసార్లు చచ్చారో లెక్కలేదు, చచ్చినప్పుడల్లా పిల్లలు గోల చేసేవాళ్లు, ఆయనా నవ్వేవారు. ప్రతి మాటా చదివేవారు. చెట్టు మీది పలక చదివేవారు, బావి దగ్గర బొమ్మ పలికేది చదివేవారు. ఒక గుడిసెలో ముసలమ్మ ఉంటుంది, అందరూ దాటేసి పోయే ముసలమ్మ. కాపలా రాక్షసుడికి నీళ్లంటే భయమని, వాగు నీళ్లు కుండలో పట్టుకుపోతే పక్కకు తప్పుకుంటాడని ఆమె చెబుతుందట. ఏడాదిగా ఆట నడుపుతున్న నాకు ఆ ముచ్చట తెలియదు. రెండు నెలలు గడిచేసరికి సారు ఉడుమును లేపకుండా, కుండతో ద్వారం కనిపించేదాకా చేరుకున్నారు.

ఆ సాయంత్రం సంతోషం పట్టలేక నా వైపు తిరిగి, అందరి ముందూ అన్నారు.

"ఒరేయ్, గిన్ని దినాల సంది దుకాణం నడుపుతున్నవ్. గా ముసల్ది ఏమంటుందో నువ్వన్నా సదివినవారా? బడిల గూడ గిట్లనే ఉంటివి."

పిల్లలు నవ్వారు. నవ్వరా మరి. సారు కూడా ప్రేమగా అన్న మాటే అది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ పిల్లల ముందు నేను యజమానిని, అన్నా అన్నా అని వెంటపడతారు, నన్ను ఒరేయ్ అంటాడా ఈయన అనిపించింది. పిల్లలందరూ పోయేదాకా ఆగి, "రేపటి సంది రాకున్రి సార్. పిల్లలు పరేషాన్ అయితున్నరు" అన్నాను.

"ఎవ్వలన్న అన్నరా?"

"అందరు అంటున్నరు."

ఎవరూ అనలేదు. నిజానికి ముగ్గురు నలుగురు ఉడుమును కొట్టడం మానేసి, సారు చదివి చెబుతుంటే వింటూ ఆడుతున్నారు.

"నేను అడ్డమైతున్ననారా?" అని అడిగారు.

"అడ్డమని కాదు సార్" అన్నాను. ఆ మాట మాత్రం నిజం. ఆయన గోడవారన కూర్చునేవారు, ఎవరి దారికీ అడ్డం లేరు.

సారు స్టూలును ఎత్తి గోడ దగ్గర పెట్టారు. "ద్వారం ఒక్కటే మిగిలింది. సరే తీ" అని చెప్పులేసుకుని పోయారు.

నాలుగు రోజుల తర్వాత, ఆయన పేరు మీద దాచి ఉన్న ఆటను చెరిపేశాను. కంప్యూటర్‌లో జాగా చాలడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. జాగా ఉంది.

తర్వాత ఒకే ఒకసారి కూరగాయల మార్కెట్లో ఎదురుపడ్డారు. "మంచిగ నడుస్తుందారా?" అని అడిగారు. నడుస్తుంది సార్ అన్నాను. "ఫికర్ జెయ్యకు, మెల్లగ నడుస్తది" అని, వంకాయలు కట్టిన పేపరు ముక్క చదువుకుంటూ వెళ్లిపోయారు. తన ఆట సంగతి అడుగుతారని భయపడ్డాను. అడగలేదు.

కార్డులు అచ్చయ్యాక నేనే తీసుకుని వాళ్లింటికి పోయాను. సారు భార్య చాప మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఆమె ఏడవలేదు, పక్కన జాగా చేసి కూర్చోమన్నారు.

"నువ్వు రాకపోతె ఊర్లె లేవేమో అనుకున్న బిడ్డా. మొన్నమొన్నటిదాంక నీ తాననే ఉండె గద. అయిదు గొట్టంగనే అంగి ఏసుకుంటుండె. ఒంట్ల మంచిగ లేదు, ఇయ్యాల ఉండరాదు అంటె ఇనకపోవు. వాడు ఎదురుచూస్తడే అనుకుంట ఎల్లిపోతుండె."

నేను రావద్దని చెప్పి అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల సాయంత్రాలు ఆయన ఎక్కడ కూర్చున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. చదువు చెప్పిన పిల్లవాడే బయటికి పంపాడని ఇంట్లో చెప్పుకోలేకపోయారు. నా పరువు కాపాడారో, తన పరువు కాపాడుకున్నారో.

"నువ్వు మంచిగ సూసుకున్నవు బిడ్డా. రిటైరైన మనిషికి కూసునే జాగా ఒకటి దొరకాలె గద" అని ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "ద్వారం దాటిన్నే అని ఒకనాడు నవ్వుకుంట వచ్చిండు. ఉడుమును ముట్టకుంట దాటిండట గద. పోరగాండ్లు సప్పట్లు కొట్టిన్రట, నువ్వు అందరికి మిర్చిలు తెప్పిచ్చినవట."

అవునమ్మా అన్నాను.

"మనిషి పోయినా ఆయన పేరు మీద ఆట అండ్లనే ఉంటదని చెప్పిండు. దినాలు అయినంక వస్త, ఒక్కపారి సూపెట్టు."

సరేనమ్మా అన్నాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ చెయ్యి నా చేతిని వదలలేదు, నేను చెప్పలేదు.

సెంటర్‌కు వచ్చి సారు పేరు కొట్టి ఆట మొదలుపెట్టాను. ఆయన పోయిన దారినే ద్వారం దాకా పోయి, ఆమె వచ్చేసరికి దాటించి పెడదామనుకున్నాను. రోజూ గిరాకీలను వదిలేసి ఆడాను. వాగు వెంట ఒక్క అడుగు వేస్తే నా వేళ్లు పక్కకు తిప్పేవి. అలవాటు. గుహలోకి పోయేవాణ్ని, నాలుగు లైన్లు పడేవి, చదవాలనుకునేలోపే మీట నొక్కేవాణ్ని. ఉడుము చచ్చి పడేది. సారు పేరు మీద చచ్చిన ఉడుమును ఆమెకెట్లా చూపెట్టేది. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. ఎన్నిసార్లు చెరిపానో.

దినకర్మ అయిన మర్నాడే ఆమె వచ్చారు. నేను ఇంకో రెండు రోజులు పడుతుందనుకున్నాను. అల్లుడు ఆటోలో దింపి, బయటే నిలబడ్డారు. అప్పుడే చెరిపి పేరు కొత్తగా కొట్టి ఉన్నాను. ఆమె వచ్చి తెర ముందు కూర్చుని, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"గీ మనిషేనా?"

"అవునమ్మా."

"గా దర్వాజ ఏది?"

"గదింకా దూరమున్నదమ్మా."

ఆమె తెరకు దగ్గరగా వంగారు. "గిన్ని నెలలు తిరిగి గీడికేనా వచ్చింది? దాటిన అన్నడు గద బిడ్డా. నాకు ఉత్తగనే చెప్పిండా?"

నిజం చెప్పడానికి దేవుడు ఇంకోసారి ఇచ్చిన అవకాశం అది.

"పెద్దతనం గదమ్మా" అన్నాను. "యాదికి ఉండదు."

ఆమె తలూపారు. తెర మీద, సారు పేరు కింద, ఆ చిన్న మనిషి చేతిలో కర్రతో దారి మొదట్లో నిలబడి ఉన్నాడు. ఇంకా ఒక్క అడుగు కూడా వేయలేదు.