ఖో అనేదాకా లేవకూడదు

మా చిన్నప్పుడు... హెడ్‌మిస్ట్రెస్ గదిలో మా బాపు చేతులు కట్టుకుని నిలబడితే, పక్కనే నేను ఒంటికాలి మీద గెంతుతున్నాను. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"చూశారా? ఇక్కడ కూడా నిలబడదు. మా వల్ల కాదండీ... టీసీ తీసుకెళ్ళండి."

శాలిబండలో మాది పాల వ్యాపారం. బాపు బడి మెట్లెక్కినవాడు కాదు. నేనైనా చదవాలని ఆయన ఆశ. "ఒక్క చాన్స్ ఇయ్యుండ్రి మేడమ్... పోరి చెడ్డది కాదు" అన్నాడు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. అయినా కాలు ఆగితేనా!

ఇంట్లోనూ అంతే... పీట మీద కూర్చుంటే ముద్దముద్దకీ లేచి వాకిట్లోకి పోయొచ్చేదాన్ని. అమ్మకు తలప్రాణం తోకకొచ్చేది.

ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్ గదిలో అడ్డుపడింది మా ఆటల టీచర్, సుల్తానా గారు. "ఈ పిల్లను నాకియ్యుండ్రి మేడమ్. ఖో-ఖోల కూసోబెడ్త."

"సరే, పోటీ రోజు నేనే వచ్చి చూస్తాను. అక్కడా కూర్చోలేకపోతే టీసీయే" అంది హెడ్‌మిస్ట్రెస్.

ఖో-ఖో అంటే అందరూ పరుగే అనుకుంటారు... సగం ఆట కూర్చోవడమే. వరుసలో గొంతుక్కూర్చోవాలి. తరిమే పిల్ల వెనక నుంచి వీపు తట్టి 'ఖో' అంటేనే లేవాలి. ముందే లేస్తే ఫౌల్. నాకు రోజూ ఫౌలే!

టీచర్ తిట్టలేదు. పొద్దున బెల్లు కొట్టకముందే గ్రౌండు చుట్టూ పరుగెత్తించి, చెమటలు కారాక కూర్చోబెట్టేది. "కాళ్ళతోని కాదు బేటా, చెవులతోని ఆడు" అనేది. వింతేమిటంటే, ఆ తర్వాత క్లాసులో కాసేపు పాఠం బుర్రకెక్కేది.

పోటీ రోజు... కుర్చీలో హెడ్‌మిస్ట్రెస్. గోడ పక్కన పాల క్యాన్లతో బాపు. ఆట అయిపోవస్తోంది. అవతలి జట్టులో ఇంకొక్క పిల్లను పట్టుకుంటే గెలుపు మాదే.

ఆ పిల్ల వచ్చి సరిగ్గా నా ముందే ఆగింది... చెయ్యి చాపితే జడ అందుతుంది! వెనక, తరిమే మా రెహానా పరుగెత్తుకొస్తున్న చప్పుడు. ఖో మాత్రం రాదు.

"లేవే... పట్టుకోవే!" అని చుట్టూ ఒకటే లొల్లి. మడమ కొంచెం లేచింది... కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను. గుండె దడదడ తప్ప ఏమీ వినబడదు. రావే ఖో...

"ఖో!"

లేచి కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల స్తంభం దాటేసింది. విజిల్ మోగింది. ఓడిపోయాం.

హెడ్‌మిస్ట్రెస్ నా ముందుకొచ్చి నిలబడింది. పై ప్రాణాలు పైనే పోయాయి. "రేపు టైముకి క్లాసుకి రా" అని మాత్రం అంది.

"ఓడిపోయినం బాపూ..." అన్నాను.

"ఆటెవరు సూసిన్రు బిడ్డా? నేను నిన్నే సూసిన. కూసున్నవ్!" అంటూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. బాపు ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఇప్పుడు మా అబ్బాయీ అచ్చం నాలాగే... మొన్న వాడి స్కూల్ నుంచి ఫోన్. క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదట. అందుకు శిక్షగా ఆటల పీరియడ్ ఆపేశారట!

సుల్తానా టీచర్ లాంటివాళ్ళు మీ బడిలో ఎవరైనా ఉండేవారా? ఉంటే రాయండి... మా వాడి టీచర్‌కు చదివి వినిపించాలి.