తాళం లేని నూనె డబ్బా

మా కోడలు పుస్తకం రాసింది. బళ్లో పాఠాలు చెప్పి వచ్చాక, వంటింట్లో కుక్కరు కూతల మధ్యే కథలు రాసి, దాచుకున్న జీతంతో బ్రాడీపేటలో అచ్చు వేయించింది. నేను మిషను బడిలో నాలుగో తరగతి దాటలేదు. బైబిలు, సరుకులు కట్టి తెచ్చిన కాగితాలు, ఈ రెండూ నా చదువు. అయినా ఇంట్లో పుస్తకం ఊరికే దొరుకుతుంటే చదవకుండా వదిలే మనిషిని కాను. అట్ట నుంచి అట్ట దాకా చదివాను.

అందులో ఒక కథలో అత్తగారు ఉంది. ప్రకాశం జిల్లాలో మిరప పొలాల మధ్య ఊరు. కోడలికి నూనె గిద్దతో కొలిచి ఇస్తుంది. ఆ తర్వాత డబ్బాకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంటుంది. ఊరి పేరు మార్చింది గాని, ఆ కొంగు ఎవరిదో నాకు తెలియదా?

కొలిచిన మాట నిజం. మిరపకి తెగులొచ్చిన ఏళ్లలో కొలవకపోతే నెల సగంలోనే డబ్బా బోర్లించాల్సి వచ్చేది. తాళం మాత్రం నేను ఏనాడూ వెయ్యలేదు. కొలత సరుకుని చూసి పెట్టేది. తాళం మనిషిని చూసి వేసేది. ఈ తేడా తెలియని ఇల్లు కాదు మాది. కానీ రాసినామె నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పట్లో మా ఇంటికి కంప్యూటరు కొత్తగా వచ్చింది. దుమ్ము పడకుండా నా పాత చీర ముక్క కప్పి ఉంచేవాళ్లం. అందులో బ్లాగులని ఉండేవి. పుస్తకాలు చదివినవాళ్లు అక్కడ తమ అభిప్రాయాలు రాసుకునేవాళ్లు. ఇంటర్ చదివే మా మనవరాలు నాకు చదివి వినిపించేది. ఎంత మర్యాదస్తులో! ప్రతి పేరుకీ ఒక గారు. "మీ కథలు చదివి కళ్లు చెమర్చాయండీ" అని ఒకరంటే, "మీ కవితల ముందు నా కథలెంతండీ" అని వెంటనే ఇంకొకరు. పక్కింటివాళ్లు కూర పంపిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా ఊళ్లో పద్ధతి. ఇక్కడా అదే నడుస్తోందని నాకు తొందరగానే అర్థమైంది. కాకపోతే మేము కూర తిన్నాకే గిన్నె కడిగేవాళ్లం. వీళ్లలో కొందరు మూత తియ్యకుండానే తిప్పి పంపేవాళ్లు.

ఒకరోజు సాయంత్రం కోడలు ఇంకా బడి నుంచి రాలేదు. ఆ పుస్తకం మీద హైదరాబాదులో ఉండే ఒకాయన తన బ్లాగులో సమీక్ష రాశాడని మనవరాలు గంతులేసుకుంటూ వచ్చింది.

"'రచయిత్రి గారి కలానికి నమస్కారం' అని రాశారు నాయనమ్మా!"

"కింద ఎవరో ఇంకా రాసినట్టున్నారే?"

"అదా... అదేం లేదులే."

"చదవ్వే. కరెంటు ఊరికే కాలుతోంది."

అది గొంతు తగ్గించింది. "'తాళం వేసిన ఆ రాక్షసి ముసల్దాన్ని డబ్బాతో సహా బావిలో పడెయ్యాలి' అని ఒకాయన. దాని కిందంతా 'భలే చెప్పారండీ' అని."

రచయిత్రికి గారు ఉంది. బావిలో పడెయ్యమన్నాయనకి అండీ ఉంది. పడబోయేదానికి మాత్రం ఏదీ లేదు.

"రాయి," అన్నాను.

"ఏం రాయను?"

"అత్తగారు నూనె కొలిచిన మాట నిజం. తాళం వేసిన మాట అబద్ధం. బావిలో పడేసేముందు ఒకసారి అడిగి చూడండి. అంతే. పేరొద్దు."

అది టకటకా కొట్టి పంపేసి, నాలుక కరుచుకుంది. పొద్దున వాళ్లమ్మ బ్లాగు తన పేరుతో తెరిచి, మూయకుండా బడికి పోయిందట. నా మాట కోడలి పేరు మీద పోయింది. వెనక్కి తియ్యడం దానికి చేతకాలేదు.

ఈలోగా జవాబులు మొదలయ్యాయి. "సొంత పాత్రనే ఇలా ప్రశ్నించడం ఎంత గొప్ప వినయమండీ!" అని సమీక్ష రాసినాయన. "నేనూ ఆ ఉద్దేశంతోనే అన్నానండీ" అని బావి ఆయన. నా నోట వస్తే చాదస్తం అనిపించుకునే మాట, కోడలి పేరు కిందికి పోగానే సాహిత్యమైంది.

కోడలు వచ్చి చూసింది. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"అత్తయ్యా, ఇది మీరు చెప్పిందేనా?"

"నేనే. తాళం ఎక్కడ చూశావమ్మాయ్?"

"చూళ్లేదు. కథకి కావాల్సి వచ్చింది."

"కథకి కావాల్సొస్తే నా కొంగే దొరికిందా?"

మనవరాలు మధ్యలో దూరింది. "ఊరుకో అమ్మా. అందరూ మెచ్చుకుంటున్నారుగా, ఎవరికి తెలుస్తుంది?"

నిజమే. ఆమె ఊరుకుంటే చాలు. ఆమెకి పేరు, నాకు తాళం.

కోడలు కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత తనే కొట్టి, పంపేముందు నాకు చదివి వినిపించింది: "పై మాట నాది కాదు, మా అత్తగారిది. ఆవిడ నూనె కొలిచారు. తాళం నేను కల్పించాను."

బ్లాగు చల్లబడిపోయింది. బావి ఆయన "పెద్దావిడకి పాదాభివందనాలు, నేను అన్నది పాత్రనండీ" అని రాసి తప్పుకున్నాడు. సమీక్ష రాసినాయన "అలాగైతే కథ కొంత బలహీనపడుతుందండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా. గిన్నెలు తిప్పి పంపేవాళ్లు మళ్లీ ఆ వైపు రాలేదు. కోడలు "పోనీలెండి అత్తయ్యా" అనేది గాని, బడి నుంచి రాగానే ముందు ఆ చీర ముక్క ఎత్తి చూసేది. ఏమీ ఉండేది కాదు. మళ్లీ కప్పేది.

నేను శభాషనలేదు. అది మా ఇంట్లో అలవాటు లేదు. ఆ ఆదివారం గుళ్లో ప్రార్థన ముగించుకుని వచ్చాక గారెలకి పిండి రుబ్బి, కోడల్ని పిలిచి గిద్ద చేతికిచ్చాను. ఆమె కాపరానికి వచ్చిన నాటి నుంచి అది నా చెయ్యి దాటలేదు.

"నూనె పొయ్యమ్మాయ్."

పోసింది. చూస్తే నాకంటే తక్కువ పోసింది.

"ఇంకో గిద్ద పొయ్యి. గారెలు మునగొద్దూ?" అన్నాను.

ఆ మాట నా నోట రావడం ఇంటిల్లిపాదీ విన్నారు. బ్లాగులో మాత్రం ఎవరూ రాయలేదు.